చైనా విద్యార్థులకి రోజూ తగిలే చిన్న మాటలు: మనసు మీద నిజంగా అంత ప్రభావం ఉంటుందా?

ల్యాబ్‌గూడు (పీహెచ్‌డీ, అమెరికా మిడ్‌వెస్ట్)

అందరికీ నమస్తే. సైకాలజీ తెలిసినవాళ్ళు, ఇక్కడ చాలాకాలంగా ఉంటున్నవాళ్ళు ఎవరైనా చెప్తారని అడుగుతున్నాను.

మా ల్యాబ్‌లో ఒక చైనా అమ్మాయి ఉంది (వివరాలు మార్చి రాస్తున్నా). ఆమె మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు, మొహం మీద బూతులు తిట్టలేదు. జరిగేవన్నీ ఇలాంటివి. టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) చేసిన క్లాసుకి సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్‌లో "ముందు ఇంగ్లీష్ నేర్పించి పంపండి" అని రాస్తారు. ఒక ప్రొఫెసర్ ఆమెని ఎప్పుడూ పక్క ల్యాబ్‌లో ఉండే ఇంకో చైనా అమ్మాయి పేరుతోనే పిలుస్తాడు. లంచ్ డబ్బా తెరిస్తే ఎవరో ఒకరు లేచి కిటికీ తీస్తారు. రోడ్డు మీద కారులోంచి "నీ హావ్" (చైనీస్‌లో నమస్తే) అని అరిచి నవ్వుకుంటూ పోతారు.

విడివిడిగా చూస్తే "ఇంతేనా" అనిపిస్తుంది. కానీ మనిషి మారిపోయింది. సెమినార్లకి రావట్లేదు. అందరూ తిని వెళ్ళాక తింటోంది. కడుపునొప్పి అని డాక్టర్ల చుట్టూ తిరుగుతోంది, టెస్టులన్నీ నార్మల్. ఈ చిన్నచిన్నవన్నీ కలిసి మనిషిని ఇంత కుంగదీస్తాయా? లేక నేనే ఎక్కువ ఊహిస్తున్నానా?

నల్లరేగడి

తమ్ముడూ, ఎక్కువే ఊహిస్తున్నావు. మేం వచ్చిన కొత్తలో మా యాసని వెక్కిరించనివాడు లేడు. గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టులు చేశాం, అడ్డమైన మాటలూ పడ్డాం. డిప్రెషన్ అనే మాట కూడా తెలీదు అప్పట్లో. పైగా చైనావాళ్ళు వాళ్ళలో వాళ్ళే తిరుగుతారు, వాళ్ళ భాషే మాట్లాడుకుంటారు. కొందరికి బీఎండబ్ల్యూలు కూడా. కలవకుండా దూరంగా కూర్చుని మమ్మల్ని దూరం పెట్టారంటే ఎట్లా?

శారద_కౌన్సెలింగ్

ల్యాబ్‌గూడు గారూ, మీరు ఊహించడం లేదు. నేను ఒక యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో పనిచేస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

వీటిని మైక్రోఅగ్రెషన్స్ అంటారు. 1970లో హార్వర్డ్ సైకియాట్రిస్ట్ చెస్టర్ పియర్స్, నల్లజాతివాళ్ళకి రోజూ ఎదురయ్యే అవమానాల గురించి రాస్తూ ఈ మాట తెచ్చాడు. 2007లో డెరాల్డ్ వింగ్ సూ, ఆయనతో పనిచేసినవాళ్ళు దాన్ని విస్తరించి రాశాక మా రంగంలో అందరికీ అలవాటైంది.

"ఇంత చిన్న మాటకి అంత బాధెందుకు" అని అందరూ అడుగుతారు. ఎవరైనా మొహం మీద తిడితే కోపమొస్తుంది, వాడు చెడ్డవాడని తేల్చేసుకుంటాం. అక్కడితో అయిపోతుంది. కిటికీ తీసినవాడి విషయంలో అలా తేలదు. వాసనకి తీశాడా, ఉక్కగా ఉండి తీశాడా? పేరు తప్పుగా పిలవడం మతిమరుపా, నేనంటే లెక్కలేకపోవడమా? అడిగితే "నువ్వు మరీ సెన్సిటివ్" అంటారు, ఊరుకుంటే రాత్రంతా అదే ఆలోచన. అన్నంలో ఒకసారి రాయి తగిలాక తర్వాతి ముద్దలన్నీ భయంగానే నములుతాం కదా, అలా ప్రతి పలకరింపునీ అనుమానంగా చూడాల్సి వస్తుంది. అలసట వచ్చేది అక్కడే. దాన్నుంచి తప్పించుకోవడానికి మనిషి చేసే మొదటి పని నలుగురిలోకి రావడం తగ్గించుకోవడం. మీ ల్యాబ్‌మేట్ సెమినార్లు మానేసింది అంటున్నారు చూడండి, అదే.

కడుపునొప్పి సంగతి కూడా వింతేమీ కాదు. ఆర్థర్ క్లైన్‌మన్ అనే సైకియాట్రిస్ట్ 1980ల మొదట్లో చైనాలోని హునాన్‌లో చేసిన పని మా కోర్సుల్లో ఇప్పటికీ చెప్తారు. తలనొప్పి, నిద్రలేమి, నీరసం అంటూ నరాల బలహీనత పేరుతో వైద్యం చేయించుకుంటున్నవాళ్ళలో చాలామందికి లోపల ఉన్నది డిప్రెషన్ అని ఆయన గమనించాడు. మన ఇళ్ళలో "గ్యాస్", "గుండె దడ", "నీరసం" అనేవాటి వెనక ఎన్నిసార్లు ఇదే ఉంటుందో తెలుగువాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. అలాగని కడుపునొప్పి అబద్ధం కాదు, నొప్పి నిజంగానే ఉంటుంది.

టీఏ_కష్టాలు

ఆ ఫీడ్‌బ్యాక్ దగ్గర ఒక్క మాట. 1992లో డొనాల్డ్ రూబిన్ అని జార్జియా యూనివర్సిటీ ఆయన ఒక ప్రయోగం చేశాడు. రికార్డ్ చేసిన ఒకే లెక్చర్‌ని విద్యార్థులకి వినిపించాడు. మాట్లాడింది ఒహాయోలో పెరిగిన అమెరికన్. కొందరికి తెల్లజాతి మహిళ ఫొటో, కొందరికి ఆసియా మహిళ ఫొటో చూపించాడు. ఆసియా ఫొటో చూసినవాళ్ళకి "యాస" వినిపించింది! పైగా పాఠం కూడా వాళ్ళకి తక్కువ అర్థమైంది. టేపు ఒకటే, గొంతు ఒకటే.

ఇక చైనా టీఏ ఎంత కష్టపడి ఉచ్చారణ దిద్దుకున్నా ఏం లాభం? మొహం దిద్దుకోలేదు కదా. ఈ ఫీడ్‌బ్యాకుల్నే మళ్ళీ డిపార్ట్‌మెంట్ "టీచింగ్ క్వాలిటీ" అని ఫైల్లో పెడుతుంది.

నల్లరేగడి

ప్రయోగం బాగుంది. కానీ చైనావాళ్ళు గుంపుగా ఉంటారన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

టీఏ_కష్టాలు

అన్నా, మన అపార్ట్‌మెంట్ కాంప్లెక్సుల్లో నాలుగు బ్లాకులు మనవాళ్ళే ఉంటారు. వినాయక చవితికి పార్కింగ్ లాట్‌లో మైకు పెడతాం. గుంపు గురించి మనం మాట్లాడకూడదు 😀

సీరియస్‌గా చెప్పాలంటే, వాళ్ళు తమ భాషలో మాట్లాడుకుంటే ఏమవుతుందో 2019 జనవరిలో డ్యూక్ యూనివర్సిటీలో చూశాం. బయోస్టాటిస్టిక్స్ మాస్టర్స్ ప్రోగ్రాం డైరెక్టర్ విద్యార్థులకి మెయిల్ పెట్టారు. లౌంజ్‌లో చైనీస్‌లో గట్టిగా మాట్లాడుకుంటున్నారని ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చి విద్యార్థుల ఫొటోలు అడిగారట. రేపు ఇంటర్న్‌షిప్‌కో ప్రాజెక్టుకో వస్తే గుర్తుపట్టడానికి. కాబట్టి బిల్డింగ్‌లో ఉన్నంతసేపూ ఇంగ్లీషే మాట్లాడమని సలహా. గొడవ అయ్యాక ఆ డైరెక్టర్ పదవి నుంచి తప్పుకున్నారు, యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది. ఆ మెయిల్ బయటికొచ్చింది కాబట్టి మనకి తెలిసింది. ఫొటోలు అడిగినవాళ్ళలాంటి ప్రొఫెసర్లు మిగతాచోట్ల లేరంటారా?

మెల్‌బోర్న్_మామ

ఆస్ట్రేలియా నుంచి. 2017లో ఇక్కడ మెల్‌బోర్న్‌లో మొనాష్ యూనివర్సిటీ, మెల్‌బోర్న్ యూనివర్సిటీ రెండిటిలోనూ పోస్టర్లు పడ్డాయి. చైనావాళ్ళకి లోపలికి ప్రవేశం లేదు, వస్తే దేశం నుంచి పంపేస్తామని, అదీ చైనీస్ భాషలోనే. యూనివర్సిటీలు తమకేం సంబంధం లేదని తీసేశాయి. కానీ చదివినవాళ్ళు చదివారు. క్లాసుకి వెళ్ళే దారిలో సొంత లిపిలో ఆ మాట చూడటం ఎలా ఉంటుందో ఊహించండి.

2009లో ఇదే ఊళ్ళో భారతీయ విద్యార్థుల మీద వరసగా దాడులు జరిగాయి. ఒక తెలుగు కుర్రాడిని స్క్రూడ్రైవర్‌తో పొడిచారు. రైల్లో ఆఖరి బోగీ ఎక్కొద్దని, ఫోన్లో మన భాషలో గట్టిగా మాట్లాడొద్దని మాకు సలహాలు ఇచ్చేవాళ్ళు. నాకు ఏ దెబ్బా తగల్లేదు. అయినా స్టేషన్‌లో దిగాక వెనక్కి చూసుకుంటూ నడిచే అలవాటు చాలాకాలం పోలేదు. కొట్టేది ఒకడినే, భయం మాత్రం అందరికీ.

లీడ్స్_గోంగూర

ఇంగ్లండ్‌లో 2020 ఫిబ్రవరి నాటి మాట. ఇక్కడ ఇంకా ఎవరూ మాస్కు పెట్టుకోవట్లేదు. చైనా విద్యార్థులకి ఇంటి దగ్గర నుంచి రోజూ ఫోన్లు, మాస్కు లేకుండా బయటికి వెళ్ళొద్దని. పెట్టుకుంటే బస్సులో పక్క సీటు ఖాళీ, వీధిలో "కరోనా" అని అరుపులు. తీసేస్తే ఇంట్లోవాళ్ళు చెప్పిన భయం. ఆ నెలలోనే లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో సింగపూర్ విద్యార్థి ఒకతన్ని మొహం పగిలేలా కొట్టారు. మా ఫ్లాట్‌లోని చైనా కుర్రాడు ఆ తర్వాత చీకటి పడ్డాక బయటికి వెళ్ళడమే మానేశాడు. కిరాణా కూడా ఆన్‌లైనే.

శారద_కౌన్సెలింగ్

అప్పటి సంగతే ఇంకోటి. 2020 జనవరి చివర్లో బర్క్‌లీలో యూనివర్సిటీ హెల్త్ సర్వీసువాళ్ళు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టు పెట్టారు. కరోనా వార్తలకి "సహజంగా" కలిగే స్పందనల జాబితా అది. ఆందోళన, నిస్సహాయత, కోపం, వాటితోపాటు ఆసియావాళ్ళని చూస్తే భయం కూడా. విమర్శలు వచ్చాక తీసేసి క్షమాపణ చెప్పారు. మనసు బాగాలేకపోతే రమ్మని చెప్పే చోటే "నిన్ను చూసి భయపడటం మామూలే" అంటే ఆ విద్యార్థి ఇంకెక్కడికి వెళ్తాడు?

చుక్కలముగ్గు

పేర్ల గురించి ఎవరూ రాయలేదేం? 2017 చైనా కొత్త సంవత్సరం రోజుల్లో కొలంబియా యూనివర్సిటీ హాస్టల్ గదుల తలుపుల మీదున్న చైనా పేర్లని ఏరి మరీ చించేశారు. అక్కడి చైనా విద్యార్థులు ఒక వీడియో చేసి, తమ పేర్లకి అర్థాలేంటో, అమ్మానాన్నలు ఎందుకు పెట్టారో ఒక్కొక్కరూ చెప్పారు.

దీని మీద పరిశోధన కూడా ఉంది. షియాన్ జావ్, మోనికా బీర్నాట్ 2017లో ప్రచురించారు. ఒకే మెయిల్‌ని చైనా పేరుతో కొందరు ప్రొఫెసర్లకి, "అలెక్స్" అని కొందరికి పంపితే అలెక్స్‌కి జవాబులు ఎక్కువొచ్చాయి. సరే, ఇంగ్లీష్ పేరు పెట్టుకుంటే పోలా? అదీ చూశారు వాళ్ళు. తర్వాతి ఏడాది పేపర్లో, ఇంగ్లీష్ పేరు వాడే చైనా విద్యార్థుల్లో ఆత్మగౌరవం తక్కువగా కనిపించింది. అది తగ్గినచోట ఆరోగ్యం, మనసు బాగుండటం కూడా తగ్గాయి. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఇలాంటి సర్వేలతో తేలదనుకోండి.

అంతకుముందు ఇంకో ప్రయోగంలో ఆరున్నర వేలమంది అమెరికన్ ప్రొఫెసర్లకి పీహెచ్‌డీ చేయాలనుకునే విద్యార్థుల పేరుతో మెయిళ్ళు పెట్టారు. అందులో చైనా పేర్లతోపాటు మన భారతీయ పేర్లూ ఉన్నాయి. తెల్లజాతి మగపేర్లకి వచ్చినన్ని జవాబులు వీటికి రాలేదు. నల్లరేగడి గారూ, పరిచయం లేని ప్రొఫెసర్లకి మీరు పెట్టిన కోల్డ్ మెయిళ్ళకి జవాబు రాకపోతే జీఆర్‌ఈ స్కోర్ తక్కువనే అనుకున్నారా అప్పట్లో?

నల్లరేగడి

అనుకున్నాం 🙂 సరే, ఆ పాయింట్ ఒప్పుకుంటా.

కరీంనగర్_కుర్రోడు

అందరూ తెల్లోళ్ళ గురించే రాస్తున్నారు. మన సంగతి కూడా రాయాలె. 2020 జూన్‌లో గల్వాన్‌లో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు చనిపోయిండు. ఊళ్ళో అందరం ఏడ్చినం, అది వేరే. కానీ ఆ వారం మా అపార్ట్‌మెంట్‌లో చైనా కుర్రాడితోటి మనోళ్ళు మాట్లాడుడు బంద్ చేసిన్రు. అతను ఏ సరిహద్దు దగ్గరికన్నా పోయిండా? లాక్‌డౌన్‌లో ఇంటికి పోలేక అదే గదిలో మూడు పూటలా నూడుల్స్ తింటున్నడు. మా వాట్సాప్ గ్రూపులో గబ్బిలాల జోకులు, కుక్కల జోకులు. అవి అతనికి చదవరాకపోవచ్చు, కానీ కిచెన్‌లోకి రాంగనే అందరూ ఫోన్లు చూసి నవ్వుకుంటే తెలవదా?

ఇండియాలోనైతే చైనావాళ్ళు కూడా అక్కర్లేదు. అదే ఏడాది మార్చిలో మైసూరులో నాగాలాండ్ విద్యార్థులను సూపర్‌మార్కెట్‌లోకి రానియ్యలేదు, మొహం చూసి. హైదరాబాద్ హోటళ్ళల్ల, పార్లర్లల్ల పనిచేసే ఈశాన్య రాష్ట్రాల పిల్లలను మనం ఏమని పిలుస్తమో అందరికీ తెలుసు.

మోడరేటర్

గల్వాన్ గురించి రాజకీయ చర్చ మొదలైన మూడు పోస్టులు తీసేశాను. దానికి వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ విద్యార్థుల సంగతి మాత్రమే.

ల్యాబ్‌గూడు

అందరికీ థాంక్స్. శారద గారూ, కౌన్సెలింగ్‌కి వెళ్ళమని రెండుసార్లు చెప్పాను. "బిజీగా ఉన్నా" అంటుంది. ఇంట్లో చెప్పమంటే అసలు ఒప్పుకోదు. ఎందుకలా?

శారద_కౌన్సెలింగ్

కారణాలు చాలా ఉంటాయి. మొదటిది, చాలామందికి ఆ సర్వీసు ఉందనే తెలీదు. 2013లో యేల్ యూనివర్సిటీలో 130 మంది చైనా విద్యార్థులని అడిగితే 45 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు, 29 శాతం మందిలో ఆందోళన లక్షణాలు కనిపించాయి. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ దొరుకుతుందని 27 శాతం మంది విననే లేదు. అది కోవిడ్‌కి ముందు, యేల్ లాంటి చోట.

ఇంట్లో చెప్పకపోవడానికి కారణం మీకు నాకన్నా బాగా తెలుసు. ఈ తరం చైనా విద్యార్థుల్లో చాలామంది ఒక్కగానొక్క సంతానం. అమ్మానాన్నల పొదుపు అంతా ఆ చదువు మీదే ఉంటుంది. "ఎలా ఉన్నావు" అంటే "బాగున్నా" అనడం తప్ప ఇంకేం చెప్తారు? మన పిల్లలు అప్పు చేసి వచ్చి వీడియో కాల్‌లో నవ్వుతారు కదా, అలాగే.

ఇంకోటి, వాళ్ళకే ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది. అమెరికాలో ప్రభుత్వమే వాళ్ళని అనుమానంగా చూసింది. 2018 నవంబర్‌లో మొదలైన "చైనా ఇనీషియేటివ్" 2022 ఫిబ్రవరి దాకా నడిచింది. పేరుకి గూఢచర్యం మీద దర్యాప్తు, కానీ చైనా మూలాలున్న ప్రొఫెసర్లు చాలామంది అందులో చిక్కుకున్నారు. కొన్ని కేసులు కోర్టులో నిలబడలేదు. 2020 మేలో, చైనా సైన్యంతో సంబంధం ఉందనుకునే సంస్థల్లో చదివిన గ్రాడ్యుయేట్ విద్యార్థులకి వీసాలు ఆపే ఉత్తర్వు ఒకటి వచ్చింది. ఇలాంటప్పుడు ల్యాబ్‌మేట్ సరదాగా "నువ్వు గూఢచారివా ఏంటి" అంటే అది ఎంత సరదా?

అటు స్వదేశంలో సానుభూతి దొరుకుతుందా అంటే, 2020 మార్చిలో తిరిగి వెళ్ళబోయిన విద్యార్థులని "వేల మైళ్ళ నుంచి వైరస్ మోసుకొస్తున్నారు" అని అక్కడి సోషల్ మీడియాలోనే తిట్టారు. విమానాలు కూడా ఒక్కో దేశానికి ఒక్కో ఎయిర్‌లైన్ వారానికి ఒకటే నడపాలని అప్పట్లో నిబంధన. ఇక్కడ బయటివాళ్ళు, అక్కడ బరువు. ఇలా ఎటూ కాకుండా మిగిలిపోయానని చెప్పినవాళ్ళే నా దగ్గర ఎక్కువ.

నాన్న_గుంటూరు

మేడం గారూ, నేను విద్యార్థిని కాదు, తండ్రిని. మా అమ్మాయి టెక్సస్‌లో ఎమ్మెస్ చేస్తోంది. రోజూ ఫోన్ చేస్తుంది, అన్నీ బాగున్నాయంటుంది. ఇది చదివాక టెన్షన్ పట్టుకుంది. నేనేం అడగాలి?

శారద_కౌన్సెలింగ్

నమస్తే అండీ. "బాగున్నావా" అని అడిగితే జవాబు ఒకటే వస్తుంది. క్లాసులో ఎవరితో కూర్చుంటావు, మధ్యాహ్నం ఎవరితో తింటావు, వారాంతం ఎక్కడికి వెళ్ళావు అని అడగండి. ఎవరైనా ఏమన్నా అన్నారని చెప్తే మాత్రం "పట్టించుకోకమ్మా, చదువు చూసుకో" అనొద్దు. అలా అంటే ఇంకోసారి చెప్పదు.

నల్లరేగడి

ఇంతవరకు ఒప్పుకున్నా, నాకు ఒక్కటి మింగుడు పడట్లేదు. ఒంటరితనం, అడ్వైజర్ టార్చర్, ఫెయిలైన ఎక్స్‌పెరిమెంట్లు, చలికాలం. పీహెచ్‌డీ చేసేవాడు ఎవడు బాగున్నాడు గనక? అన్నీ తీసుకెళ్ళి రేసిజం ఖాతాలో వేస్తే మిగతావి ఎవరు చూడాలి?

శారద_కౌన్సెలింగ్

మంచి ప్రశ్న. ఆ యేల్ సర్వేలో కూడా అడ్వైజర్‌తో సంబంధం చెడినవాళ్ళలో, వ్యాయామం చేయనివాళ్ళలో లక్షణాలు ఎక్కువ కనిపించాయి. నేను విడదీసి చూడను. అడ్వైజర్‌తో సరిగ్గా కుదరనప్పుడు "నా పనే బాగాలేదా, నేను చైనావాడిననా" అనే అనుమానం ఆ టార్చర్‌ని రెండింతలు చేస్తుంది. మీకు చలికాలం మాత్రమే ఉంది, ఆ పిల్లకి చలికాలంతోపాటు ఇదీ ఉంది.

నల్లరేగడి

మాకూ రెండూ ఉన్నాయి మేడం, పేరు పెట్టలేదంతే. సరే.

స్టాంపింగ్_బాధితుడు

ఇంటికి వెళ్ళి రమ్మని సలహా ఇచ్చేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. 2018 జూన్ నుంచి రోబోటిక్స్, ఏవియేషన్, హైటెక్ తయారీ లాంటి రంగాల్లో చదివే చైనా గ్రాడ్యుయేట్ విద్యార్థులకి వీసా ఏడాదికే పరిమితం చేశారు. వెళ్తే మళ్ళీ రానిస్తారో లేదో అని ఏళ్ళ తరబడి అమ్మానాన్నల్ని చూడనివాళ్ళు నాకు తెలుసు. మనవాళ్ళూ వీసా స్లాట్ల కోసం పడిగాపులు పడుతున్నారు కానీ, వాళ్ళది ఇంకా ముదిరిన కేసు.

ల్యాబ్‌గూడు

ఆమె ఈ సెమిస్టర్‌లో ఒక కోర్సు డ్రాప్ చేస్తే కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. కానీ ఎఫ్-1 (విద్యార్థి వీసా) కదా, ఫుల్‌టైమ్ తప్పితే స్టేటస్ పోతుందని భయపడుతోంది. దీనికేమైనా దారి ఉందా?

స్టాంపింగ్_బాధితుడు

ఉంది. ఆరోగ్య కారణాల మీద కోర్సు లోడ్ తగ్గించుకోవచ్చు, అవసరమైతే పూర్తిగా కూడా. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలలు మించకూడదు. మానసిక ఆరోగ్యం కూడా అందులోకి వస్తుంది. లైసెన్స్ ఉన్న డాక్టర్ గానీ సైకాలజిస్ట్ గానీ లెటర్ ఇవ్వాలి. ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ (విద్యార్థి వీసాలు చూసే అధికారి) ముందుగా అనుమతించి సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డులో) ఎక్కించాలి. కోర్సు డ్రాప్ చేసేశాక వెళ్తే పని చెడుతుంది. ముందు లెటర్, తర్వాత డీఎస్‌ఓ, ఆఖర్న డ్రాప్.

శారద_కౌన్సెలింగ్

ఆ లెటర్‌లో రోగం పేరు, కథంతా రాయక్కర్లేదని ఆమెకి చెప్పండి, సగం భయం అక్కడే ఉంటుంది. కౌన్సెలింగ్ రికార్డు అడ్వైజర్‌కి వెళ్ళదు, ఇంటికీ వెళ్ళదు. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం వేరే సంగతి. అలాంటి మాట ఎప్పుడైనా ఆమె నోటి వెంట వస్తే ఆలోచించకుండా 988కి (అమెరికాలో ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. మీ క్యాంపస్‌లో మాండరిన్ మాట్లాడే కౌన్సెలర్ ఉన్నారేమో కూడా కనుక్కోండి. లేకపోతే టెలిహెల్త్‌లో దొరకొచ్చు, ఇన్సూరెన్స్ కార్డు వెనక నంబర్‌కి ఫోన్ చేస్తే చెప్తారు.

ఇంకోటి, ఆ ప్రొఫెసర్ ఈసారి తప్పు పేరుతో పిలిచినప్పుడు మీరే అక్కడికక్కడ సరిచేయండి. ఆమె చెప్తే ఫిర్యాదు అవుతుంది, మీరు చెప్తే సమాచారం అవుతుంది.

ల్యాబ్‌గూడు

గురువారం గ్రూప్ మీటింగ్ ఉంది, ఆయనా వస్తాడు. లెటర్ సంగతి ఆమెతో ముందే మాట్లాడతాను. ఒప్పుకుంటే డీఎస్‌ఓ దగ్గరికి నేను కూడా వెళ్తా.

కరీంనగర్_కుర్రోడు

పోయేటప్పుడు లంచ్ కూడా ఆమెతోటే తిను అన్నా. కిటికీ ఎవరన్నా తీస్తే నువ్వు ఉల్లిగడ్డ పచ్చడి డబ్బా తెరువు 😀